అనూష చెప్పిన ఒక్క మాట

సోమవారం మధ్యాహ్నం అన్నాలకు ముందు చేతులు కడిగిస్తుంటే అమలకు కనబడింది. అనూష రెండు మణికట్ల చుట్టూ ఎర్రగా కమిలిన చార. గాజులు నొక్కుకున్నట్టు లేదు, గోడకు గీసుకుపోయినట్టూ లేదు. ఎవరో గట్టిగా పట్టి చాలాసేపు వదలకుండా ఉంచితే పడే గుర్తు. సబ్బు నురగ తగలగానే అనూష చేతులు వెనక్కి లాక్కుంది.

అనూషకు ఇరవై ఆరేళ్లు. ఒళ్లు ఎదిగినంతగా బుద్ధి ఎదగలేదు. నోటి వెంట వచ్చే మాటలు పాతికకు మించవు. తార్నాకలో, పెద్ద రోడ్డుకు రెండు వీధులు లోపల, ఒక డాబా ఇంట్లో నడిచే పగటి సంరక్షణ కేంద్రానికి మూడేళ్లుగా వస్తోంది. అలాంటి వాళ్లు అక్కడ పన్నెండు మంది. అందరూ పెద్దవాళ్లే. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్తారు. అమల అక్కడ సోషల్ వర్కర్. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, రోడ్డుకు అవతల ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఎం.ఎస్.డబ్ల్యు. చదివి, ఏడాదిన్నర కిందట ఈ పనిలో చేరింది.

సకల జనుల సమ్మె మొదలై అప్పటికి రెండో వారం. బస్సులు డిపోలు దాటడం లేదు. ఆఫీసులకు తాళాలు. సీతాఫల్‌మండిలోని తన గది నుంచి అమల రోజూ నడిచే వస్తోంది. ఆ నడకలో ఆమెకు కష్టం తెలియలేదు. తెలంగాణ కోసం అందరూ ఏదో ఒకటి వదులుకుంటున్నారు, తాను బస్సు వదులుకుంది, అంతే అనుకునేది.

అనూష చేతులు చూడగానే ఆమె మనసు నేరుగా ఒక మనిషి మీదికి పోయింది. నాగేంద్ర, అనూష తండ్రి. ప్రొద్దుటూరు నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చి, యూనివర్సిటీ ఆఫీసులో సెక్షన్ సూపరింటెండెంటుగా ఉన్నాడు. భార్య పోయి రెండేళ్లయింది. క్యాంపస్ లోపలి స్టాఫ్ క్వార్టర్స్‌లో ఆ ఇద్దరే ఉంటారు. తోటి ఉద్యోగులు సమ్మెలో కూర్చుంటే ఈయన వెనక తలుపు గుండా ఆఫీసుకు పోతున్నాడని, ఆయన క్వార్టర్ గోడ మీద ఎవరో బొగ్గుతో ‘వెళ్లిపో’ అని రాశారని అమల విన్నది. విని జాలిపడలేదు.

నిజం చెప్పాలంటే ఆయనంటే ఆమెకు ముందునుంచీ గిట్టదు. ఒకసారి గేటు దగ్గర “రేపు డాక్టర్ వస్తడు సార్” అని చెబితే, “వస్తడు కాదమ్మా, వస్తాడు. మా పాప నీ దగ్గర ఇవే నేర్చుకుంటాంది” అన్నాడు. తన యాస తనకు వినపడదు కాబోలు అనుకుని పళ్లు కొరుక్కుంది. పోయిన వారమే, అనూష స్కూటర్ దిగనని మొండికేస్తే రెక్క పట్టి గుంజి దించడం కళ్లారా చూసింది.

నాలుగు గంటలకు, మిగతావాళ్లు చాపల మీద ఉండగా, అనూషను పక్క గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

“చేతులకు ఏమైంది అనూషా? ఎవరు చేసిన్రు?”

అనూష ఆమె ముఖం చూడలేదు. కిటికీలోంచి గేటు వైపు చూసింది.

“నాన్న” అంది.

ఇలాంటి మనిషిని ఒక్కసారి అడిగి ఊరుకోకూడదని, వేరే వేళలో, వేరే తీరులో మళ్లీ అడగాలని అమలకు తరగతిలో చెప్పారు. పరీక్షలో ఆ జవాబు రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ ఆరోజు మళ్లీ అడగలేదు. గుర్తులు నమోదు చేసే కాగితం మీద, అచ్చువేసిన మనిషి బొమ్మకు రెండు మణికట్ల దగ్గరా గీతలు గీసి, కింద ‘తండ్రి చేసినట్టు చెప్పింది’ అని రాసింది.

కేంద్రం నడిపేది భారతమ్మ మేడం. సర్కారు బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, తన సొంత ఇంట్లోనే ఈ కేంద్రం పెట్టింది. కాగితం చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇప్పుడా అమలా?”

“గుర్తులు ఇప్పుడే ఉన్నయి మేడం.”

“ఆయన సీమ ఆయన, మనం ఈడోళ్లం. ఇసొంటిది బయటికి పోతే ఏమైతదో నీకు తెల్వదా? ఫైల్ల పెట్టు. సమ్మె అయినంక చూద్దాం.”

“అప్పటిదాంక ఆమె గా ఇంట్లనే ఉండాలె గద మేడం.”

“ఇరవై ఆరేండ్లు ఆ ఇంట్లనే ఉన్నది” అని భారతమ్మ ఫోను అందుకుంది.

మంగళవారం సాయంత్రం అమల తానే క్వార్టర్స్‌కు వెళ్లింది. క్యాంపస్ గేటు దగ్గర ముళ్లకంచె, పోలీసులు. ఐడీ కార్డు చూసి, ఒక కానిస్టేబుల్ ఎందుకని అడిగి, మళ్లీ ఎందుకని అడిగి వదిలాడు. లోపల రోడ్డంతా రాళ్లు, గాలిలో టియర్ గ్యాస్ ఘాటు. నాగేంద్ర గ్రిల్ గేటు తీయలేదు. ఊచల అవతలే నిలబడ్డాడు.

“అనూష చేతులకు గుర్తులున్నయి సార్. ఎట్ల అయినయో అడుగుదామని వచ్చిన.”

“నేనూ అదే అడగదామనుకుంటాండా. మీ దగ్గరికి పోయి వచ్చినప్పుడల్లా ఉంటాండాయి.”

“మా దగ్గర అట్లాంటిది ఉండదు సార్. అనూష మీ పేరే చెప్పింది.”

ఆయన ముఖం ఎర్రబడలేదు, తెల్లబోయింది. గొంతు తగ్గించి అన్నాడు. “నా బిడ్డ నా పేరు చెప్పిందా? రెండేళ్లుగా తల దువ్వేది నేను, నీళ్లు పోసేది నేను. నా ఇంటికాడికొచ్చి నన్నే అడగతాండావే. గోడమీద రాసినోళ్లు నయం, మొగం చూపకుండా రాసి పోయినారు.”

“పోయిన వారం గేటు కాడ రెక్క పట్టి గుంజలేదా మీరు?”

“గుంజినా. ఆపొద్దు ఆఫీసులో ఏమైందో నీకు తెలుసా? తెలియదు. ఏంటికి తెలుస్తాది? పో అమ్మా. ఇంకోసారి ఈ పక్కకు రావద్దు.”

లోపల అనూష ఏదో పాటలాంటిది పాడుతోంది. ఆయన తలుపేసుకున్నాడు.

అమల ఒళ్లు మండిపోతూ బయటికి వచ్చింది. చౌరస్తా దగ్గర టీ కొట్టులో సంజీవ్ కనిపించాడు. ఎం.ఎస్.డబ్ల్యు.లో ఆమెతో చదివినవాడు, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తూ విద్యార్థుల జేఏసీలో తిరుగుతున్నాడు. ముఖం చూసి ఏమైందని అడిగాడు. చెప్పకూడదని ఆమెకు తెలుసు. కేంద్రంలో చూసింది కేంద్రం దాటకూడదన్నది మొదటిరోజు సంతకం పెట్టిన మాట. కానీ కోపం ఇంకా తగ్గలేదు, ఎదురుగా తన వైపు మనిషి ఉన్నాడు. చెప్పేసింది. పేరు కూడా చెప్పింది.

బుధవారం సాయంత్రం ఇరవై మంది నాగేంద్ర క్వార్టర్ ముందు నిలబడ్డారు. అడగడానికే వచ్చామన్నారు. అడగడం అరుపులైంది, అరుపుల మధ్య ఎవరో రాయి వేశారు. ముందు గది కిటికీ అద్దం పగిలింది. గురువారం అనూష కేంద్రానికి రాలేదు.

సంగతి చెప్పింది సంజీవే, అదే టీ కొట్టు దగ్గర.

“మేం మాట్లాడనీకెనే పోయినం. రాయి ఎవడేసిండో తెల్వదు.”

“అనూషకేమన్న తగిలిందా?”

“లే. పిల్ల మంచం కిందికి దూరిందట.”

“ఆమె పిల్ల కాదు సంజీవ్, ఇరవై ఆరేండ్ల మనిషి. ఆమె ఇంటి మీదికి ఎందుకు పోయిన్రు? నేను నీకొక్కనికి చెప్పిన.”

“ఒక్కనికి చెప్పేదైతే ఏడ్చుకుంట చెప్తరు. నువ్వు కోపంతోని చెప్పినవు. ఏమన్న చెయ్యాలనే చెప్పినవు” అన్నాడు సంజీవ్. “ఇప్పుడు మా మీద ఏస్తున్నవా?”

అమల టీ సగంలో వదిలేసి లేచింది.

శుక్రవారం మధ్యాహ్నం భీమయ్య చొక్కా మీద పప్పు ఒలికితే మార్చడానికి అమల వంగింది. భీమయ్యకు నలభై దాటాయి. నరాలు బిగుసుకుపోయిన మనిషి, చక్రాల కుర్చీలోనే ఉంటాడు, మాట అసలు రాదు. తల్లి సీతాఫల్‌మండిలో కూరగాయలమ్ముతుంది. చొక్కా చెయ్యి పైకి లాగగానే అమల అలాగే ఆగిపోయింది. కుడి మణికట్టు చుట్టూ అదే ఎర్రని చార. ఎడమదానికీ అదే.

భీమయ్యకు తండ్రి లేడు. ప్రొద్దుటూరుతో అతనికి ఏ సంబంధమూ లేదు.

ఆమె ఆ కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని రోజులు లెక్కేసుకుంది. బస్సులు ఆగినప్పటి నుంచి వారానికి మూడు రోజులు తాను బయటే ఉంటోంది, కేంద్రానికి రాలేకపోతున్న వాళ్ల ఇళ్లకు వెళ్లి చూసి వస్తోంది. ఇద్దరు ఆయాల్లో ఉప్పలమ్మ ఘట్‌కేసర్ నుంచి రావాలి, సమ్మె మొదలయ్యాక ఒక్కరోజూ రాలేదు. అంటే ఆ మూడు రోజులు ఇక్కడ ఉండేది పోచమ్మ ఒక్కతే. అప్పుడు నాలుగు గంటల సంగతి గుర్తొచ్చింది. నాలుగింటికి అనూష రోజూ గేటు వైపు చూస్తుంది. రోజూ ‘నాన్న’ అంటుంది. అది స్కూటర్ వచ్చే వేళ. తాను అడిగినదానికి అనూష జవాబు చెప్పనేలేదు. ఇంటికి పోతానంది, అంతే.

శనివారం పొద్దున ఇళ్లకు వెళ్తున్నానని చెప్పి అమల బయలుదేరింది. పదకొండున్నరకు చప్పుడు లేకుండా వెనక్కి వచ్చింది.

వెనక గదిలో ముగ్గురిని కిటికీ ఊచలకు కట్టేసి ఉంది. పాత చీర చింపిన పేలికలతో, రెండేసి ముడులు. ఒకామె ఊచకు తల ఆనించి నిద్రపోతోంది. భీమయ్య చేతులు కుర్చీ చేతులకే కట్టి ఉన్నాయి. వంటింట్లో పోచమ్మ అన్నం వారుస్తోంది. అలికిడికి తిరిగి చూసింది. గంజి గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది కానీ భయపడలేదు.

పోచమ్మకు యాభై ఏళ్లుంటాయి. అమలది, ఆమెది ఒకటే మండలం. గోల్నాక నుంచి తెల్లవారకముందే బయలుదేరి నడిచి వస్తుంది. అమల అన్నం తెచ్చుకోని రోజున తన డబ్బాలోది సగం పెట్టేది.

“ఏంది పెద్దమ్మా ఇది?” అంది అమల.

“కండ్లున్నయి గద. చూడు.”

“మనుషులను కట్టేస్తరా?”

“రోజూ తొమ్మిది మంది వస్తున్నరు. నేను ఒక్కదాన్ని. పొయ్యి మీద అన్నం, గాడ భీమయ్య బట్టల్ల పోసుకున్నడు, గీడ ఒకామె గోడకు తల కొట్టుకుంటది. నువ్వు చెప్పు బిడ్డ, ఎట్ల చెయ్యాలె?” పోచమ్మ మాటల్లో బతిమాలుకోవడం లేదు. “బస్సులు బందైన మూడో దినం అనూష గేటు తీస్కొని పోయింది. చౌరస్తల పోలీసోళ్లు పోరగాండ్లను ఉరికిస్తున్నరు, పొగ. నడి రోడ్డు మీద చెవులు మూస్కొని నిలవడ్డది. నేను పోయి ఎత్తుకొచ్చిన. నా మోకాలు చూస్తవా?”

“మేడంకు చెప్పలేదా?”

“చెప్పిన. గేటుకు తాళమెయ్యి అన్నది. తాళమేస్తే గోడెక్కింది. మల్ల చెప్పిన. ‘ఎట్లనో చూస్కో పోచమ్మ, నాకు మాత్రం చెప్పకు’ అన్నది. ఎట్లనో చూస్కున్న.”

“భీమయ్య యాడికి పోతడు పెద్దమ్మా? నడవనే రాడు గద.”

పోచమ్మ మళ్లీ గంజి గిన్నె అందుకుంది. “అన్నం గిన్నె తన్నిండు ఒకనాడు. వేడిది” అంది. “ఒకనికి కట్టినంక ఇంకొకనికి కట్టుడు అల్కగైతది, చెయ్యి ఆగదు.”

అమల ఒక్కొక్కరి ముడులు విప్పింది. చెమటకు తడిసి అవి బిగుసుకుపోయాయి, గోళ్లతో తీయాల్సి వచ్చింది. పోచమ్మ సాయం చేయలేదు, అడ్డమూ రాలేదు.

“ఇది రాయాలె నేను” అంది అమల.

“రాయి. నీకు కాగితం కావాలె. నాకు ఈళ్ల పానాలు కావాలె. నువ్వు వారంల మూడు దినాలు లేవు బిడ్డ. అది గూడ రాయి.”

మధ్యాహ్నం భారతమ్మ వచ్చింది. విషయం విని, తలుపు దగ్గరికి వేసి, ప్రతి మాటా ముందే సిద్ధం చేసుకున్నట్టు చెప్పింది.

“పోచమ్మను ఇయ్యాల్నే తీసేస్త. ఆయమ్మ సొంత బుద్ధితోని చేసింది, మనకు తెల్వగానే తీసేసినం. అట్ల రాయి. అయిపాయె.”

“మీకు రెండుసార్లు చెప్పిందట మేడం.”

“సాక్ష్యం ఎవరు?”

“ఎవరు లేరు. ఆమె అట్ల చెప్పిందని రాస్త. మీరు లేదన్నరని గూడ రాస్త.”

“అమలా, ఈ కేంద్రం మూతపడితే ఈ పన్నెండు మంది ఏడికి పోతరో ఆ కాగితంల రాస్తవా? ఇండ్లల్ల తాళమేసి పోతరు వాళ్లను. అప్పుడు చూస్తానికి నువ్వుంటవా?”

ఆ ప్రశ్న అమలను నిజంగానే తాకింది. ఆ రోజే కాదు, తర్వాత కూడా చాలా రోజులు తాకింది. అయినా రాసింది. ఎవరి చేతులకు ఎక్కడ గుర్తులున్నాయో, పేలికలు దేనివో, ఒక్క ఆయా ఎంతమందిని చూసిందో, ఎవరికి ఎవరు ఏమి చెప్పారో. తండ్రి మీద తాను రాసింది తప్పని రాసింది. ఆ తప్పును బయటి మనిషికి చెప్పానని, దానివల్ల అనూష ఇంటి మీద రాయి పడిందని రాయడానికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఆ వాక్యం రెండుసార్లు కొట్టేసింది. చివరికి కేవలం ‘తండ్రి విషయంలో పొరబడ్డాను’ అని ఊరుకుంది.

సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసుకు పోతే గేటుకు తాళం, ముందు టెంటు. టెంటులో కూర్చున్న గుమాస్తా, “అందరం సమ్మెల ఉన్నం అమ్మా, తెలంగాణ వచ్చినంక రా” అని నవ్వాడు. వారం కిందటైతే ఆమె కూడా నవ్వేది. పోస్టాఫీసుకు పోయి ఆ కాగితాన్ని రిజిస్టర్డ్ పోస్టులో వేసింది.

ఆదివారం పొద్దున మళ్లీ నాగేంద్ర గేటు ముందు నిలబడింది. పగిలిన కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. ఈసారి ఆయన గేటు తీశాడు, కానీ లోపలికి రమ్మనలేదు. ఆమె జరిగింది మొత్తం చెప్పింది. సంజీవ్‌కు చెప్పింది తానేనని కూడా చెప్పింది.

ఆయన విని, “సరే” అన్నాడు.

“తప్పు నాదే సార్.”

“సరే అంటిని కదా. దాన్ని నేనేం చేసుకునేది? నాలుగు పొద్దులుగా మంచం కిందనుంచి రాలేదు నా బిడ్డ. అన్నం ఆడికే తోస్తాండా. నువ్వు నిజం చెప్తే అది లేచొస్తాదా?”

“ఒకసారి ఆమెను అడగాలె సార్. నేను సరిగ్గ అడగలేదు.”

“అడుగు. నా ముందర అడుగు.”

“మీరు లేకుంట అడగాలె. అది పద్ధతి.”

“పద్ధతా” అన్నాడు నాగేంద్ర. ఆ ఒక్క మాటలో ఉన్న అసహ్యం ఆమె చెవికి వేడిగా తగిలింది. కానీ ఆయన పక్కకు తప్పుకుని, వరండా మెట్ల మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు.

అమల మంచం పక్కన నేల మీద పడుకుని లోపలికి చూసింది. అనూష గోడకు అంటుకుని ఉంది. అమల తన మణికట్లు చూపించి, “ఏమైంది?” అని మాత్రం అడిగింది. ఎవరు అని అడగలేదు.

అనూష రెండు చేతులూ దగ్గరగా చేర్చి పట్టుకుంది. “పోచి” అంది. కాసేపాగి “అన్నం” అంది. తర్వాత చేతులు విదిలించుకుని, “వద్దు” అంది. “వద్దు. వద్దు.” అమల దగ్గరికి చెయ్యి చాపితే ఆ చెయ్యి మీద చెళ్లున కొట్టింది. ఊరికే తగిలిన దెబ్బ కాదు, బలమంతా పెట్టి కొట్టింది.

మూడేళ్ల కేంద్రం ఫైల్లో అనూషకు వచ్చిన మాటల పట్టిక ఒకటుంది. అందులో ‘వద్దు’ లేదు. అది ఎన్నాళ్ల నుంచి వస్తోందో, ఎన్నిసార్లు అన్నదో, ఎవరూ రాసుకోలేదు. అమల బయటికి వచ్చి, అనూష అన్నది అన్నట్టుగా నాగేంద్రకు చెప్పింది. ఆయన తల తిప్పలేదు. “ఇంక పో” అన్నాడు.

సమ్మె అయిపోయింది. బస్సులు నడిచాయి. ఆ నెలాఖరుకే భారతమ్మ, నిధులు లేవని చెప్పి అమలను మాన్పించింది. పోచమ్మను అంతకుముందే పంపేసింది. అంబర్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతోందని తెలిసి అమల వెళ్లింది. పోచమ్మ ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ గుండిగలోకి వంగింది. పీచుతో రుద్దడం ఆపలేదు. అమల వచ్చిన దారినే తిరిగి వచ్చింది.

విచారణకు ఆఫీసర్ వచ్చింది జనవరిలో. అప్పటికి కేంద్రంలో ముగ్గురు కొత్త ఆయాలున్నారు, గోడలకు సున్నం వేశారు, కిటికీ ఊచలకు నీలం రంగు. సమ్మయ్య అనే ఆ ఆఫీసర్ నెమ్మదస్తుడు. ముందు గదిలో బల్ల వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచాడు. భారతమ్మ తనకేమీ తెలియదంది. అమల తన కాగితంలో ఉన్నదంతా చెప్పింది. గోడ పక్క కుర్చీలో నాగేంద్ర చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అనూషను వేరే కేంద్రానికి, విద్యానగర్‌కు పంపుతున్నాడట. ఆమెను తీసుకురాలేదు.

“మీరేమన్నా చెప్తారా?” అని ఆఫీసర్ ఆయన్ను అడిగాడు.

నాగేంద్ర లేచి నిలబడ్డాడు. “ఈయమ్మి రాసింది నిజమే సార్. నా బిడ్డ చేతులు నేను చూసినా. మేడంకు తెలుసు, ఈయమ్మి మా ఇంటికొచ్చి పోయినాంక నేను గూడా ఫోన్ చేసి అడిగినా, ఏం లేదు అనె. అది రాసుకోండి.” ఆయన అమల వైపు తిరిగాడు. “ఈయమ్మి చేసింది గూడా రాసుకోండి. మా పాప పేరు టీ కొట్టుకాడ చెప్పింది. ఆ కాగితంలో అది లేదు. మీరు ఇస్తే నేను చదివినా.”

ఆఫీసర్ అమల వైపు చూశాడు. బల్ల అవతల భారతమ్మ ముఖంలో ఏదో కదిలింది. ఇది కూడా రాస్తే ఇలాంటి ఉద్యోగం ఇంకెక్కడా రావడం కష్టమని అమలకు తెలుసు. నాగేంద్రకూ తెలుసు. ఆయన ఆమె ముఖంలోకే చూస్తున్నాడు, కొంచెం కూడా మెత్తబడకుండా.

“అవును సార్” అంది అమల. “నేనే చెప్పిన. రాయండి.”

సమ్మయ్య రాశాడు. చదివి వినిపించి, సంతకాలు పెట్టించుకున్నాడు. నాగేంద్ర తన సంతకం పెట్టి, పెన్ను ఆమె ముందు పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా గేటు దాటి స్కూటర్ ఎక్కాడు.